మాట మోసే పిల్ల

పూలు మార్కెట్టుకు తీసుకుపోయే ట్రాలీ ఆటో గేటు ముందు ఆగింది. రెండు మూడు సార్లు హారను కొట్టి, ఎవరూ రాకపోయేసరికి వెళ్ళిపోయింది. అప్పటికి తోటలో చామంతి సగం చెట్ల మీదే ఉంది. కోసిన సగం రేకుల షెడ్డు కింద గంపల్లో ఉంది.

మొయినాబాద్‌లో పాలు పోసి వచ్చిన భూపాల్ బండికి స్టాండు కూడా వేయలేదు. గోడకు ఆనించి ఒంటికాలి మీద లేచాడు.

"రాత్రి చెప్పిన్నా లేదా? ట్రాలీ రేపు జల్దొస్తదని చెప్పిన్నా లేదా?"

ఆ మాట అన్నది మంజులతో కాదు. మంజుల అతని చేతికందే దూరంలోనే నిలబడి ఉంది, కొంగులో ఇంకా పూలున్నాయి. అయినా అతని చూపు భార్యను దాటిపోయి, అరుగు మీద కూర్చున్న కూతురు పూర్ణిమ దగ్గర ఆగింది. చిన్న మంగళారంలో ఈ ఇంటి సంగతి తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. భూపాల్ పెళ్ళాంతో నేరుగా మాట్లాడి ఏళ్ళయింది. ఏ మాటైనా పూర్ణిమ మీదుగా పోవాలి, పూర్ణిమ మీదుగానే రావాలి. ఊళ్ళో కరెంటు పోతే గంటకో రెండు గంటలకో వస్తుంది. ఈ ఇంట్లో మాట పోయినప్పుడు పిల్ల ఏడో తరగతి. ఇప్పుడు యూనివర్సిటీ. మాట మాత్రం ఇంకా తిరిగి రాలేదు.

"చెప్పినవు బాపూ, నాకు చెప్పినవు" అంది పూర్ణిమ.

"మీ అవ్వకు చెప్పుమనే గదా నీకు చెప్పింది?"

"నేను చెప్పలే."

"ఎందుకు చెప్పలే?"

"మీ మాటలు నేనిగ మొయ్య. ఆమెకు చెప్పాల్నంటే ఆమెకే చెప్పు."

షెడ్డు కింద పూలు ఏరుతున్న పెంటమ్మ ముక్కున వేలేసుకుంది. భూపాల్‌కు తల్లి, ఆ ఇంటికి పెద్ద దిక్కు. "ఓ పిల్లా, అట్లంటే ఎట్లనే? పూలు పాడైతయి గదా."

"అయితే నువ్వు మొయ్యి నానమ్మా. నీ కొడుకు మాటలే గదా."

"నా నోట్ల పన్నే నిలుస్తలేదు బిడ్డా, వీళ్ళ మాటేడ నిలుస్తది?" ముసలమ్మ కోడలి వైపు తిరిగింది. "నువ్వు రాత్రి వంటింట్లనే ఉంటివి గద. ఇనలేదా?"

"ఇన్న అత్తా" అంది మంజుల.

"మరి?"

"నాకు చెప్పలేదు గదా."

ఇది ఎవరికైనా నవ్వు తెప్పించే మాటే. కానీ మంజులకు నవ్వు రాలేదు. ట్రాలీ ముందుగా వస్తుందని ఆమె చెవులారా విన్నది. అన్నం వారుస్తూ విన్నది. పిల్ల వచ్చి చెబుతుంది కదా అని చూసింది. పిల్ల రాలేదు. తనతో అనని మాటను తనదిగా తీసుకునే అలవాటు ఆమెకు పోయి చాలా కాలమైంది. అందుకే తెల్లారి ఎప్పటిలాగే, ఎప్పటి వేళకే తోటలోకి దిగింది.

"ఇదంత ఆ ఇంగ్లీషు క్లాసు మహిమ." భూపాల్ గొంతు పెంచాడు. "ఊరందరి ముంగట ఇజ్జత్ తీసింది చాలదని, ఇప్పుడు పూలు గూడ కుళ్ళవెడుతున్నది. శనివారం పోవుడు బంద్. ఆ సభ లేదు, ఏం లేదు. చెప్పు ఆమెకు."

ఆమెకు అన్నప్పుడు చెయ్యి మంజుల వైపు చూపించాడు. పూర్ణిమ లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడుకు ఇంటి ముందున్న కోళ్ళు బెదిరి పక్కకు జరిగాయి.

జరిగింది ఇంతే. దొంతన్‌పల్లి దిక్కున్న యూనివర్సిటీలో పూర్ణిమ రెండో ఏడు చదువుతోంది. అక్కడ ఇంగ్లీషులో తడబడకుండా మాట్లాడటం, రాయడం, వేరే దేశాలవాళ్ళతో మెలగడం నేర్పే క్లాసు ఒకటుంది. ఆ క్లాసులో తమ ఇళ్ళలో మాటలెలా సాగుతాయో చెప్పమంటే పూర్ణిమ లేచి చెప్పింది. హాలంతా చప్పట్లు. సంబరం పట్టలేక ఆ వీడియోను మేనత్త కొడుకు అభిలాష్‌కు తనే పంపింది. వాడు పోయిన ఆదివారం దగ్గరలోని ప్రొద్దుటూరులో పుట్టువెంట్రుకల దావత్‌లో, బంతిలో అందరూ తింటూ ఉండగా, ఫోను పైకెత్తి పట్టి ఇంగ్లీషుకు తెలుగు చెబుతూ చూపించాడు. "మా బాపు మా అవ్వతోని మాట్లాడడు" అన్న దగ్గర నవ్వులు లేచాయి. భూపాల్ ముద్ద విస్తట్లోనే వదిలేసి వచ్చేశాడు.

ఇక శనివారం సంగతి. కొరియా నుంచీ కెన్యా నుంచీ విద్యార్థులు వస్తున్నారు, వాళ్ళ ముందు పూర్ణిమ మాట్లాడాలి. అక్కడ నెగ్గితే వచ్చే ఏడాది కొత్త పిల్లలకు ఇంగ్లీషు నేర్పే జట్టులో చేర్చుకుంటారు. పల్లెల నుంచి వచ్చి నోరు విప్పడానికి భయపడే పిల్లల పక్కన కూర్చుని మాట్లాడించడం ఆ జట్టు పని. పూర్ణిమకు ఆ పని మీద ప్రాణం.

*

మంజుల గంపల ముందు కూలబడి పూలు ఏరడం మొదలుపెట్టింది. వాడినవి ఒక పక్కకు, నిలిచేవి ఒక పక్కకు. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే మనసు వెనక్కి పోయింది. వద్దనుకున్నా పోయింది.

చేవెళ్లలో ఇంటర్ చదివిన రోజులు. కాలేజీ గది రోడ్డు పక్కనే. వికారాబాద్ బస్సులు పోతుంటే కిటికీ రెక్కలు గలగలలాడేవి. ఇంగ్లీషు చెప్పే శాంతయ్య సారు పిల్లల్ని ఒక్కొక్కరినీ లేపి పాఠం చదివించేవాడు. "బస్సు సప్పుడును మించి ఇనబడాలె" అనేవాడు. తప్పు చదివితే ఏమీ అనేవాడు కాదు, మెల్లగా చదివితే మాత్రం ఊరుకునేవాడు కాదు. మంజుల గొంతు బస్సును మించేది. ఆ గొంతు ఇప్పుడేమైందో ఆమెకే తెలియదు.

పెళ్ళయి చిన్న మంగళారం వచ్చిన కొత్తలో పూలు కట్టడానికి పాత ఇంగ్లీషు పేపర్లు వచ్చేవి. భూపాల్ ఒక కాయితం తీసి ఆమె ముందు పరిచేవాడు.

"జర సదువు."

"ఏమున్నదని సదవాలె? ఎక్కడిదో పాత ముచ్చట."

"ఏదైతేంది? నువ్వు సదువుతుంటే ఇనబుద్ధయితది."

అర్థం చెప్పబోతే వద్దనేవాడు. ముందు మొత్తం చదవాలి, అర్థం తర్వాత. ఆమె చదువుతుంటే చామంతి గుత్తులకు దారం చుడుతూ, తలూపుతూ వినేవాడు. ఎక్కడో వరదలు, ఎక్కడో ఎన్నికలు, ఎవరికో బహుమతి. మార్కెట్టుకు మోపెడ్ మీద పోయేటప్పుడు వెనక గంపల మధ్య ఆమె ఇరుక్కుని కూర్చునేది, దారి పొడుగునా దుకాణాల బోర్డులు చదివించేవాడు. తిరిగొచ్చేటప్పుడు అవే పదాలు తను అనేవాడు, తప్పో ఒప్పో. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

ఆ ఇంగ్లీషే కొంప ముంచింది.

పక్క ఫామ్‌హౌస్ కొన్న భావనారాయణ ఒకరోజు ఇంటికి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో స్థిరపడిన మనిషి, మర్యాదస్తుడు. తోటలో సగం అమ్ముతారా అని సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో అడిగాడు. భూపాల్ చాయ్ పళ్ళెం పట్టుకుని వచ్చి, ఏమనాలో తేల్చుకోలేక నవ్వుతూ నిలబడ్డాడు. అతనికి అమ్మాలనే ఉన్నట్టు మంజులకు తోచింది. అతను నోరు తెరిచేలోపు ఆమె ఇంగ్లీషులో చెప్పేసింది. భూమి అమ్మం, పూలు మాకు చాలు అని. భావనారాయణ మెచ్చుకున్నాడు. ఆ తర్వాత కూర్చున్నంతసేపూ ఆమెతోనే మాట్లాడాడు. భూపాల్ చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది.

కారు వెళ్ళిపోయాక భూపాల్ ఆమెతో అన్న ఆఖరి మాట ఒకటే. "నీ ఇంగ్లీషుతోనే సంసారం చేసుకో."

భూమి మిగిలింది. ఈ చామంతి ఆ భూమిలోదే. అందుకు మంజుల ఎప్పుడూ బాధపడలేదు. మనిషి మాట పోయినందుకు మాత్రం బాధపడని రోజు లేదు. అయినా పూర్తిగా ఎండిపోకుండా ఆమెను నిలబెట్టింది ఒకటుంది. రోజూ పొద్దుగూకాక పూర్ణిమ వంటింట్లోకి వచ్చి, "బాపు అడుగుతున్నడు, నువ్వు తిన్నవా అని" అనేది. ఎంత కోపం ఉన్నా ఆ ఒక్క మాట అడుగుతున్నాడు కదా అనుకునేది. పోయిన ఆదివారం నుంచి ఆ మాట కూడా బంద్ అయింది.

*

మధ్యాహ్నం దాటాక తెల్లకారు ఒకటి వచ్చి ఆగింది. పూర్ణిమకు ఇంగ్లీషు చెప్పే గీతాంజలి మేడం. శనివారం రాలేనని పూర్ణిమ ఫోన్ చేస్తే పరుగున వచ్చింది.

"నమస్కారమండీ. ముందుగా చెప్పకుండా వచ్చాను, ఏమీ అనుకోకండి."

భూపాల్ కుర్చీ తుడిచి వేశాడు. ఎంత కోపం ఉన్నా ఇంటికొచ్చిన మనిషికి చాయ్ పొయ్యకపోవడం ఆ ఇంట లేదు. అలవాటుగా కూతురి వైపు చూశాడు. పూర్ణిమ మొహం తిప్పుకుంది. ఇక గత్యంతరం లేక మేడం వైపే తిరిగాడు.

"టీచరమ్మా, ఆమెకు జర చాయ్ పెట్టుమని చెప్పుండ్రి."

గీతాంజలి అయోమయంగా చూసింది. మంజుల ఆమె పక్కనే గుమ్మానికి ఆనుకుని ఉంది. "ఆవిడ ఇక్కడే ఉన్నారు కదండీ?"

"ఉన్నది. చెప్పుండ్రి."

"అమ్మా... మీవారు టీ పెట్టమంటున్నారు."

"ఆయన గూడ తాగుతడేమో అడుగుండ్రి" అంది మంజుల.

గీతాంజలి అడిగింది. తాగుతాడని చెప్పింది. బెల్లమా చక్కెరా అని అడిగింది. చక్కెరని చెప్పింది. చాయ్ గ్లాసులు చేతికొచ్చేసరికి పాపం ఆవిడకు చెమట పట్టింది. అటు తిరిగి ఒక మాట, ఇటు తిరిగి ఒక మాట. పెంటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిసకిసా నవ్వింది. "నా మనవరాలి కొలువు మీకొచ్చింది, టీచరమ్మా."

గీతాంజలి గ్లాసు కింద పెట్టింది. "పూర్ణిమ సరదాకి కొంత కల్పించి చెప్పిందనుకున్నాను. అంతా నిజమేనన్నమాట."

"నిజమైతే మాత్రం?" భూపాల్ ముందుకు వంగాడు. "ఇంగ్లీషు నేర్పుండ్రి, ఎవరొద్దన్నరు? ఇంటి ముచ్చట పదిమందిల చెప్పిచ్చుడేంది?"

"సొంత సంగతి చెప్పమని నేనే అన్నానండీ. సొంత అనుభవం చెబితే పరాయి దేశంవాళ్ళు కూడా దగ్గరవుతారని క్లాసులో నేర్పుతాం. అదే మాట ఇంటికి తిరిగొస్తే ఏమవుతుందో నేను ఆలోచించలేదు."

"వాళ్ళు దగ్గరైతరు. మేము బంతిల తలెత్తలేకపోతిమి."

గీతాంజలి చాయ్ గ్లాసు పక్కకు జరిపింది.

"ఆ వీడియో మీరు చివరిదాకా విన్నారా?"

"సగంల లేచొచ్చిన."

"చివరిదాకా వినండి. ఆ తర్వాత కూడా వద్దంటే నేను ఇంకొక్క మాట అనను. సాయంత్రంలోగా పేర్లు ఖాయం చేయాలి. అప్పటిదాకా పూర్ణిమ పేరు ఉంచుతాను."

"ఇననీకి నాకు ఇంగ్లీషొస్తదా?"

గీతాంజలి మంజుల వైపు చూసింది. లేచి పూర్ణిమను పిలిచింది. ఆఖరి క్లాసు ఇంకా ఉంది, కారులో తీసుకుపోతానంది. పూర్ణిమ వెళుతూ తన వీడియోను తండ్రి ఫోన్లోకి పంపి, ఎవరి మొహమూ చూడకుండా కారెక్కింది.

*

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. పెంటమ్మ షెడ్డులో గంపలకు ఆనుకుని కునుకు తీస్తోంది. మంజుల వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. వెనక గడప దగ్గర అడుగుల చప్పుడు వినబడి ఆగిపోయింది. పూర్ణిమ లేదు, అత్త నిద్రపోతోంది. మరి ఎవరు?

భూపాల్ గడప అవతల నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోను. దాన్ని గూట్లో పెట్టాడు, మళ్ళీ తీశాడు. గడప మీద పెట్టాడు.

"అభిలాష్‌గాడు చెప్పింది నమ్మబుద్ధైతలేదు" అన్నాడు, నేల చూస్తూ. "జర ఇను. పిల్ల ఏమన్నదో... చెప్పు."

మంజుల తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని నిజంగానే తిరిగి చూసింది. ఎవరూ లేరు. ఆ మాట తనకే. చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను తీసుకుంది.

వీడియోలో పూర్ణిమ నీలం చుడీదార్‌లో, మైకు ముందు. గొంతు గట్టిగా, బెదురు లేకుండా వస్తోంది. బస్సు చప్పుడును మించే గొంతు. మంజులకు కళ్ళు చెమర్చాయి. పాతకాలంలోలాగే ముందు మొత్తం విన్నది, ఆ తర్వాత మొదటికి జరిపి, ఆపి ఆపి అర్థం చెప్పడం మొదలుపెట్టింది. భూపాల్ గడప అవతలే గొంతుక్కూర్చున్నాడు.

"మా ఇంట్ల ఇద్దరు ఒకటే భాష మాట్లాడుతరు, అయినా నడుమ నేను దుబాసీని అంటున్నది."

"ఊ."

"మా బాపు కోపంగ ఒక మాటంటడు, నేను వంటింటి దాక పోయేలోపట అందుల కోపం తీసేస్త, మాటనే ఇస్త అంటున్నది."

భూపాల్ పెదాల మీద చిన్న నవ్వు కదిలింది. "తీసేస్తుండెనా, దొంగది."

తర్వాతి ముక్క దగ్గర మంజుల ఆగిపోయింది.

"ఆగినవేంది? ఇంకేమన్నది?"

చెప్పాలా? కొంచెం మార్చి చెబితే సరిపోతుంది. ఇన్నేళ్ళూ పిల్ల చేసిన పని అదే. మంజుల ఫోను వైపు చూసింది, గడప అవతల ఎదురుచూస్తున్న మనిషి వైపు చూసింది. మార్చబుద్ధి కాలేదు.

"ఒక్కోనాడు మోయనీకి మాటనే ఉండదట. ఇద్దరం మూతి ముడుచుకుని ఉంటమట. అప్పుడు దాని మాటే మనకు ఇస్తదట. 'బాపు అడుగుతున్నడు, తిన్నవా' అని నాతోటి చెప్పేది... అది నువ్వనేది కాదట. పిల్లనే అనేదట."

భూపాల్ తలెత్తాడు. అతని మొహంలో రంగు మారింది.

"నేను అడగలేదు" అన్నాడు మెల్లగా. "నిజమే. నేనెన్నడు అడగలే. మరి నువ్వు? దినాం బండి సప్పుడు కోసం చూస్తున్నవని, నేను రాక ముద్ద ముట్టలేదని... అది నువ్వు చెప్పి పంపలేదా?"

"పంపలే."

"ఒక్కనాడు గూడ?"

మంజుల తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ ఒకే అబద్ధాన్ని తిని బతికారు. దాన్ని వండి పెట్టిన పిల్ల వీడియోలో ఇంకా నవ్వుతోంది. ఆఖరి మాట ఒకటి మిగిలింది. మంజుల దాన్ని మెల్లగా, కళ్ళెత్తకుండా చెప్పింది.

"ఒకనాడు నేను ఇంటికొచ్చేసరికి, వాళ్ళ నడుమ నాతోని పని లేకుండ పోతే మంచిగుండు... అన్నది."

అంతలో ఆ ఫోనే మోగింది. పూర్ణిమ.

"బాపూ?"

"నేనే, అవ్వను."

తండ్రి ఫోను తల్లి చేతిలోకి ఎట్లా వచ్చిందో ఆ పిల్లకు అంతుపట్టనట్టుంది. "అవ్వా, పేర్లు రాస్తున్నరు. మేడం అడుగుతున్నది, ఉంచాల్నా, తీసెయ్యాల్నా? బాపును అడిగి చెప్పు."

మంజుల ఫోను చెవి నుంచి కొంచెం దించింది. "పూర్ణి అడుగుతున్నది" అంది. ఎదురుగా ఉన్న మనిషితో, నేరుగా. "శనివారం సంగతి. ఏం చెప్పాలె?"

భూపాల్ లేచి నిలబడ్డాడు. గడప దాటి వంటింట్లోకి ఒక కాలు పెట్టాడు. పొయ్యి మీద మూత తీయని అన్నం గిన్నె, పక్కన బోర్లించిన కంచం చూశాడు. శనివారం గురించి ఏమీ అనలేదు.

"నువ్వు తిన్నవా?" అన్నాడు.

పొద్దున పూల గొడవతో మంజుల మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచింది. కానీ ఇన్నేళ్ళ అలవాటు, ఫోను దానంతటదే నోటి దగ్గరికి వచ్చింది.

"పూర్ణీ, బాపుకు చెప్పు బిడ్డా, నేనింకా..."

అవతల పూర్ణిమ ఫోను పెట్టేసింది.